"ఏదో ఒకటి" మెనూలో లేదు, హన్!

మొన్న పొద్దున, రాత్రి డికాషన్ కొంచెం మిగిలితే వేడి చేద్దామని స్టవ్ మీద పెట్టాను. ఇంతలో ఫోన్ మోగితే బాల్కనీలోకి వెళ్ళాను. మాట్లాడి వచ్చేసరికి గిన్నె అడుగున నల్లటి చార మిగిలింది. మా ఆవిడ ముక్కు మూసుకుని, "ఇల్లంతా కంపు. ముందు ఆ కిటికీ తియ్యండి" అంది. నేను తియ్యలేదు. గిన్నె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

మాడిన కాఫీ వాసనంటే ఎవరికైనా చిరాకే. నాకు మాత్రం అది న్యూజెర్సీలో రాత్రి మూడు గంటల వాసన. దానికి పెనం మీద ఎర్రగా వేగుతున్న ఉల్లిపాయల వాసన, అప్పుడే తుడిచిన నేల మీది బ్లీచ్ వాసన కలిపితే మా డైనర్ తయారు.

డైనర్ అంటే అక్కడి రోడ్డు పక్క హోటల్. మా డైనర్ అంటున్నాను గానీ, అందులో నాదంటూ ఉన్నది ఒక్క స్టూలు. కౌంటర్ చివరి నుంచి రెండోది. ఎర్ర రెగ్జిన్ చిరిగితే పైన వెండిరంగు టేపు వేసి ఉండేది. కూర్చుంటే కొంచెం ఎడమకి తిరిగేది, దానంతటదే.

*

వైటూకే రోజులు, అంటే 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయని మనవాళ్ళని ఎగబడి తీసుకెళ్ళిన కాలం. నన్ను తీసుకెళ్ళిన కన్సల్టెన్సీ వాళ్ళు ఎడిసన్ వైపు రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్‌లో ఏడుగురిని పెట్టారు. ప్రాజెక్టు వస్తే జీతం, రాకపోతే బెంచ్. బెంచ్ మీద ఉన్నప్పుడు జీతం సంగతి అడిగితే ఫోన్ ఎత్తరు. కారు లేదు, లైసెన్స్ లేదు. అన్నం, పప్పు, ఓక్ ట్రీ రోడ్డులోని మన కొట్ల నుంచి ఎవరో తెచ్చిన ఆవకాయ సీసా. ఏడుగురూ ఒకే టీవీ ముందు కూర్చుని ఒకే ఫోన్ కోసం ఎదురుచూస్తుంటే పిచ్చెక్కేది. ఒక రాత్రి ఇక భరించలేక స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని బయటికి నడిచాను.

అక్కడి పెద్ద రోడ్ల పక్కన నడవడానికి దారి ఉండదు. మనిషి నడుస్తాడని ఎవరూ అనుకోలేదు మరి. గట్టు మీద గడ్డకట్టిన మంచు, బూటు జారుతోంది. అరమైలు పోయాక దూరంగా గులాబీ, నీలం నియాన్ గీతలు కనిపించాయి. కింద స్టీలుతో మెరిసిపోతున్న పొడుగాటి పెట్టె. గుండ్రటి మూలలు, వరుసగా కిటికీలు. నాకు మొదట తట్టింది, పాత రైలు పెట్టెని తెచ్చి హోటల్ చేశారని. ఆ పొరపాటు నాలుగేళ్ళ దాకా అలాగే ఉండిపోయింది. ఎవరు సరిదిద్దారో తర్వాత చెప్తాను.

తలుపు తియ్యగానే ఒక పెద్దావిడ, అరవై ఉంటాయేమో, కళ్ళజోడు గొలుసుకి వేలాడుతోంది, జుట్టులో పెన్సిలు గుచ్చుకుని ఉంది. తల ఎత్తకుండానే "స్మోకింగా, నాన్‌స్మోకింగా?" అంది. నా అలవాట్లు విచారిస్తోందనుకున్నాను. పెళ్ళిచూపుల్లో చెప్పినంత గర్వంగా "నాకు అలాంటి అలవాట్లు లేవండీ" అన్నాను. ఆవిడ తల ఎత్తి ఒక క్షణం చూసి, కౌంటర్ దగ్గరి స్టూలు చూపించింది. ఆ రోజుల్లో సగం హాలు పొగతాగేవాళ్ళది, సగం తాగనివాళ్ళది. మధ్యలో గోడా లేదు, తెరా లేదు, పొగకి మాత్రం ఆ సంగతి తెలియదు. 2006 ఏప్రిల్‌లో రాష్ట్రమంతా నిషేధం వచ్చాక ఆ ప్రశ్న పోయింది.

మెనూ చేతికిచ్చింది. పన్నెండు పేజీలు, ప్లాస్టిక్ పూతతో. గ్రీకు గైరో, ఇటలీ స్పఘెట్టీ, యూదుల మాట్జా ఉండల సూపు, మీట్‌లోఫ్, వాఫుల్స్, అన్నీ ఒకే వంటగదిలోంచి, రాత్రి రెండైనా మూడైనా. పొద్దున తినేవి అర్ధరాత్రి కూడా దొరుకుతాయని పైన పెద్దక్షరాల్లో రాసి ఉంది. అన్నిటికన్నా చవగ్గా కనిపించింది రెండు గుడ్లు, టోస్ట్, ఆలుగడ్డ ముక్కలు. అది చూపించాను.

"గుడ్లు ఎలా కావాలి?"

"బాగా ఉండాలి" అన్నాను.

నిజంగానే. నాకు కోబాల్ అనే కంప్యూటర్ భాష వచ్చు. గుడ్డుని పెనం మీద ఎన్ని రకాలుగా చేస్తారో రాదు. ఆవిడ నవ్వలేదు. సన్నీ సైడ్ అప్, ఓవర్ ఈజీ, ఓవర్ హార్డ్, స్క్రాంబుల్డ్ అని వేళ్ళు మడుస్తూ చెప్పింది. తర్వాత టోస్ట్ దేంతో? వైటా, వీటా, రైయా? వెన్న ముందే రాయాలా, పక్కన పెట్టాలా? కాఫీలోకి పాలా, హాఫ్ అండ్ హాఫా? నాకు చెమట పట్టింది. ఇంటర్వ్యూలో కూడా ఇంత టెన్షన్ పడలేదు. చివరికి మన మాట మనం అన్నాను: "ఏదో ఒకటి, పర్వాలేదు."

పెన్సిలు కాగితం మీద ఆగింది. "ఏదో ఒకటి అనేది మెనూలో లేదు, హన్."

తెనాలిలో మా ఇంట్లో అమ్మ ఏది చేస్తే అది తినేవాళ్ళం. హోటల్‌కి వెళ్తే నాన్న ఏం చెప్తే అది వచ్చేది. చుట్టాలింటికి వెళ్తే "ఏం తింటావురా?" అని అడుగుతారు, "ఏదో ఒకటి అత్తయ్యా" అంటాం. మనకది మర్యాద, పెట్టేవాళ్ళని ఇబ్బంది పెట్టకూడదని. అక్కడ ఆ ముసలావిడకి మాత్రం అదే ఇబ్బంది. వెనక పెనం దగ్గర మనిషి ఎదురుచూస్తున్నాడు, నేను నోరు విప్పితే తప్ప ఆయన చెయ్యి కదలదు. ఇరవై ఆరేళ్ళు వచ్చాక, నాకు ఏది ఎలా కావాలో నేనే చెప్పాలన్నది మొదటిసారి తెలిసింది, అదీ ఒక గుడ్డు విషయంలో.

ఓవర్ హార్డ్ అన్నాను. పచ్చసొన కారితే నాకు పడదని అప్పుడే తెలిసింది మరి.

*

ఆవిడ అందరినీ "హన్" అనే పిలిచేది, హనీ అన్నమాట, మనం "బంగారం" అన్నట్టు. లారీ డ్రైవర్నీ, లాయర్నీ, నన్నూ. అందుకని మా అపార్ట్‌మెంట్‌లో ఆవిడకి హన్నమ్మ అని పేరు పెట్టాం. అసలు పేరు చొక్కా మీది బిళ్ళ మీద ఉండేది గానీ, మాకు హన్నమ్మే.

మొదటి రాత్రి ఆవిడకి నేను పెట్టిన టిప్పు ఒక క్వార్టర్, అంటే పావు డాలరు. చిల్లర వదిలేశానని నాలో నేను గొప్పగా ఫీలయ్యాను. నెల తర్వాత అప్పటికే రెండేళ్ళుగా ఉంటున్న సీనియర్ ఒకడు చెప్పాడు: సర్వర్లకి యజమాని ఇవ్వాల్సిన కనీస కూలి గంటకి 2 డాలర్ల 13 సెంట్లే, మిగతాది టిప్పుల్లోంచి రావాలి. ఆ అంకె 1991లో కేంద్ర చట్టంలోకి వచ్చింది, ఇప్పటికీ అక్కడ అదే. న్యూజెర్సీ తర్వాత తన వంతు కొంత పెంచింది. ఆ లెక్క విన్న రోజు నాకు అన్నం సహించలేదు. రెండుమూడు గంటలు ఆ స్టూలు మీద కూర్చుని, ఒక్క కాఫీకి ఏడుసార్లు నింపించుకుని, పావలా పెట్టి వచ్చేవాణ్ణి. నెల రోజుల్లో ఒక్కసారి కూడా ఆవిడ మొహం మారలేదు.

కాఫీ నింపడం గురించి చెప్పాలి. రెండు చేతుల్లో రెండు గాజు పాత్రలు. ఒకదానికి నల్ల మూతి, ఒకదానికి నారింజ రంగు మూతి. నారింజ అంటే డీకాఫ్. శాంకా అని ఒకప్పటి డీకాఫ్ బ్రాండ్ డబ్బా రంగు అది. జనం బ్రాండ్‌ని మర్చిపోయినా రంగు మాత్రం దేశమంతా ఉండిపోయింది. కప్పు అడుగు కనపడకముందే హన్నమ్మ వచ్చేసేది. వద్దంటే కప్పు మీద చెయ్యి అడ్డం పెట్టాలి. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినట్టు. ఆ భాష ఒక్కటే నాకు ఎవరూ నేర్పకుండా వచ్చింది.

చప్పుళ్ళు ఇంకా చెవిలో ఉన్నాయి. మందపాటి పింగాణీ కప్పు సాసర్ మీద పడే దెబ్బ. గ్రిల్ మీద అట్లకాడ గీరుతున్న చప్పుడు. ప్లేటు సిద్ధమైతే కిటికీలో "టింగ్" మని గంట. ఆకుపచ్చ బిల్లు పుస్తకంలోంచి కాగితం చింపి, వంటాయన ముందు గిర్రున తిరిగే స్టీలు చక్రానికి తగిలించేది. డబ్బు కట్టాక ఆ బిల్లు ఒక ఇనప ముల్లుకి గుచ్చుకునేది, మా ఊరి కిరాణా కొట్లో లాగే. క్యాష్ పెట్టె పక్కన గిన్నెలో పిప్పరమెంట్లు, చెంచాతో తీసుకోవాలి. వెనక అద్దాల బీరువాలో జానెడు ఎత్తు కేకులు, నిమ్మకాయ పై మీద తెల్లటి నురగ కొండ, అవి తిరుగుతూనే ఉండేవి. అన్నేళ్ళలో నేను వాటిని చూసింది వెయ్యిసార్లు, తిన్నది నాలుగుసార్లు.

బల్లల దగ్గర గోడకి చిన్న జ్యూక్‌బాక్సులు ఉండేవి. పాటల పేర్ల రేకులు పుస్తకంలా తిప్పచ్చు. క్వార్టర్ వెయ్యాలి. మేం ఎప్పుడూ వెయ్యలేదు. క్వార్టర్లంటే బట్టలు ఉతుక్కునే మెషీన్‌లోకి. ఎవరో తెల్ల కుర్రాళ్ళు వేస్తే మేం విన్నాం.

హన్నమ్మ ఆర్డర్లు అరిచే పద్ధతి వేరు. విజయవాడ హోటళ్ళలో సర్వర్లు "రెండిడ్లీ ఒక వడ, ఒక ఎమ్మెల్యే పెసరట్టూ" అని రాగం తీసినట్టే. కొత్త సర్వర్లు కంప్యూటర్‌లో కొట్టేవాళ్ళు గానీ, ఆవిడ మాత్రం సరదా పుడితే పాతకాలం మాటలు వాడేది. "తెప్ప మీద ఆదాము, హవ్వ" అంటే టోస్ట్ మీద రెండు నీళ్ళలో ఉడికించిన గుడ్లు. "వాళ్ళని ముంచెయ్" అంటే ఆ రెండూ చిదిపెయ్యమని. రై టోస్ట్‌కి "విస్కీ డౌన్". రై అంటే ఆ ధాన్యమూ, దాంతో చేసిన విస్కీ కూడా కదా. ఏదైనా అయిపోతే "ఎయిటీ సిక్స్". ఇది ఎక్కడి నుంచి వచ్చిందో అడిగితే కౌంటర్ మీద ఉన్న నలుగురూ నాలుగు కథలు చెప్పారు. నాలుగూ నమ్మేలాగే ఉన్నాయి, అందుకే ఒక్కటీ నమ్మలేదు.

*

నా రూమ్మేట్ ఒకడిది గుంటూరు. వాడు గుడ్డు కూడా ముట్టడు. వాడికి దొరికేది గ్రిల్డ్ చీజ్ శాండ్‌విచ్, పక్కన ఉప్పు దోసకాయ. రెండు వారాలకి విసుగొచ్చింది. అప్పుడు వాడికి డిస్కో ఫ్రైస్ కనిపించాయి. న్యూజెర్సీ వాళ్ళ ప్రత్యేకం అది. వేడి ఆలుగడ్డ వేపుడు మీద మొజరెల్లా చీజు, దాని మీద గోధుమరంగు గ్రేవీ. రాత్రి డిస్కోలు మూశాక వచ్చే కుర్రాళ్ళ తిండి. మేం ప్రొడక్షన్ రిలీజ్ అయ్యాక వచ్చేవాళ్ళం. వాడు నెల రోజులు లొట్టలేసుకుంటూ తిన్నాడు. ఒక రాత్రి ఎందుకో బుద్ధిపుట్టి గ్రేవీ దేంతో చేస్తారని అడిగాడు. హన్నమ్మ ఏమీ దాచకుండా చెప్పింది. వాడు చెంచా కింద పెట్టేశాడు. ఆ శనివారం బ్రిడ్జ్‌వాటర్ గుడికి వెళ్ళొచ్చాడు, ఇంకెప్పుడూ ఆ పేరు ఎత్తలేదు. మేం ఎత్తేవాళ్ళం, పాపం.

తప్పు ఎవరిదీ కాదు. మాంసం ముక్క వెయ్యలేదు, మాంసం ఉడికిన రసమే కాబట్టి అది మాంసం కాదని వాళ్ళ లెక్క.

నా సంగతి వేరు. గుడ్డు దాకా ఫర్వాలేదు, చప్పదనమే కష్టం. ఆలుగడ్డ ముక్కల మీద బల్ల మీదున్న ఎర్ర సాస్ ఎంత పోసినా పులుపు తప్ప కారం తగల్లేదు. ఒకరోజు మందుల సీసాలో కారప్పొడి పోసుకుని జేబులో వేసుకెళ్ళాను. మెల్లగా, ఎవరూ చూడకుండా చల్లుకుంటుంటే పెనం దగ్గరి ఆయన చూశాడు. మెక్సికోలో ప్యూబ్లా నుంచి వచ్చినాయన. అప్పటికి మా ఇద్దరికీ కలిపి వందో నూటయాభయ్యో ఇంగ్లీషు మాటలు ఉంటాయి. అట్లకాడ పక్కన పెట్టి అరచెయ్యి చాపాడు. చిటికెడు వేశాను. నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. వెల్లుల్లి పట్టుకున్నాడు, జీలకర్ర పట్టుకున్నాడు, మూడోది ఏమిటని వేలు ఆడించాడు. చింతపండు. దానికి ఇంగ్లీషులో ఏమంటారో నాకు గుర్తు రాలేదు. చెట్టు, కాయ, పులుపు అని సైగలు చేస్తే, "తామరిందో!" అని గట్టిగా అరిచాడు. సగం డైనర్ వెనక్కి తిరిగి చూసింది. ఆ రోజు నుంచి నా ముక్కలు ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ వేగేవి, అంచులు కరకరలాడేలా. నేను అడగలేదు.

*

యజమాని గ్రీకు ఆయన. ఆ ప్రాంతంలో చాలా డైనర్లు అలాగే, గ్రీకులవే. ఒకడు గిన్నెలు కడగడానికి చేరతాడు, పెనం దగ్గరికి వస్తాడు, డబ్బు కూడబెట్టి కొంటాడు, ఊరి నుంచి బావమరిదిని రప్పిస్తాడు. మన వాళ్ళ మోటెళ్ళ కథే, మనుషులు మారారంతే. పెద్దాయన క్యాష్ దగ్గర కూర్చుని, రాత్రిళ్ళు జనం పల్చబడ్డాక కబుర్లు చెప్పేవాడు.

డైనర్ పుట్టింది గుర్రపు బండి మీదట. 1872లో రోడ్ ఐలండ్‌లోని ప్రావిడెన్స్‌లో వాల్టర్ స్కాట్ అని ఒకాయన, రాత్రి హోటళ్ళు మూసేశాక పత్రికాఫీసు పనివాళ్ళకి తిండి అమ్ముదామని బండి కట్టాడు. కాఫీ, ఉడికించిన గుడ్డు, రొట్టె. విన్నప్పుడు నాకు తెనాలి బస్టాండ్ దగ్గర పెట్రోమాక్స్ వెలుగులో ఇడ్లీ బండి కళ్ళముందుకొచ్చింది. తర్వాత బండిలోకే జనం ఎక్కి కూర్చునేట్టు చేశారు, తర్వాత చక్రాలు తీసేసి ఒకచోట నిలబెట్టారు. ఇక ఫ్యాక్టరీలు బయల్దేరాయి. మసాచుసెట్స్‌లో ఊస్టర్ కంపెనీ. న్యూజెర్సీలోనైతే చెప్పక్కర్లేదు, ఎలిజబెత్‌లో ఒమహోని, బ్లూమ్‌ఫీల్డ్‌లో ఫొడెరో, ప్యాటర్సన్‌లో సిల్క్ సిటీ. చాలావరకు అక్కడే తయారు కాబట్టే ఏ రాష్ట్రంలోనూ లేనన్ని డైనర్లు అక్కడ మిగిలాయి. జెర్సీ సిటీలో ఇప్పటికీ ఉన్న వైట్ మానా డైనర్ 1939 న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో పెట్టినదే. భవిష్యత్తు ఇలా ఉంటుందని చూపించడానికి పెట్టారట. ఇప్పుడు పాతదనం చూడటానికి వెళ్తున్నారు.

*

2001 సెప్టెంబర్. ఆ వారం గురించి ఎక్కువ రాయను. మా ఆఫీసు అప్పటికి నెవార్క్‌లో. మంగళవారం కిటికీలోంచి ఆ పొగ చూశాం. రెండురోజులు ఇంట్లోంచి కదల్లేదు. మూడో రాత్రి, రూమ్మేట్లు వద్దంటున్నా, డైనర్‌కి నడిచాను. ఆ పక్కన పెట్రోల్ బంకులో పనిచేసే సర్దార్జీని ఎవరో బూతులు తిట్టారని అప్పటికే విన్నాం.

తలుపు తియ్యగానే మాటలు ఆగాయి. ఆగాయో, నాకే అలా అనిపించిందో. టీవీ ఒక్కటే మోగుతోంది. నేను తల వంచుకుని నా స్టూలు దాకా నడిచాను. హన్నమ్మ కౌంటర్ అటు చివర ఉంది. మామూలుగా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగేది. ఆ రోజు అక్కడి నుంచే, హాలంతా వినపడేట్టు, "ఎప్పటిదేనా, హన్?" అంది.

నేను తల ఊపాను. గొంతు రాలేదు.

పక్క స్టూలు మీద రోజూ కూర్చునే నల్లజాతి పెద్దాయన, పోస్టాఫీసులో రిటైరయ్యాడు, తన పేపరు మడిచి నాకు చోటిచ్చాడు. ఆయనతో అప్పటిదాకా వాతావరణం గురించి తప్ప మాట్లాడలేదు. కాఫీ సగం అయ్యాక చెప్పాడు. ఆయనది నార్త్ కరోలినా. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో ఇలాంటి కౌంటర్ దగ్గర నిలబడి పొట్లం కట్టించుకోవచ్చు గానీ కూర్చోకూడదు. 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరోలో నలుగురు కాలేజీ కుర్రాళ్ళు వూల్‌వర్త్ కొట్లో లంచ్ కౌంటర్ దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. ఇవ్వలేదు. మూసేదాకా లేవలేదు, మర్నాడు మళ్ళీ వచ్చారు. ఆ కౌంటర్ తెరుచుకునేసరికి జులై అయింది. "అందుకే నేను ఇక్కడికొస్తే టేబుల్ దగ్గర కూర్చోను, స్టూలే" అన్నాడు. అంతకుమించి ఏమీ చెప్పలేదు. నా బిల్లు ఆయనే కట్టి వెళ్ళిపోయాడు.

*

నాన్న వచ్చింది ఆ తర్వాత. అప్పటికి నాకు పెళ్ళయింది, పాత హోండా ఉంది. అమ్మానాన్న ఆరు నెలలు ఉండటానికి వచ్చారు. నాన్న రైల్వేలో బోగీల మరమ్మతు పని చేసి రిటైరయ్యాడు. ఆయన్ని సరదాగా డైనర్‌కి తీసుకెళ్ళి, "చూశావా నాన్నా, మీ రైలు పెట్టెనే హోటల్ చేశారు" అన్నాను.

నాన్న లోపలికి రాలేదు. బయటే ఆగి, వంగి, కిందకి చూశాడు. స్టీలు రేకు మీద వేలి కణుపుతో కొట్టాడు. అటు చివర దాకా నడిచి వచ్చి, "ఇది రైలుది కాదురా" అన్నాడు. "బఫర్లు పెట్టిన గుర్తు లేదు, కింద ఫ్రేమ్ లేదు. పట్టాల మీద ఒక్కరోజు కూడా నడవలేదు ఇది. రైలులా కనిపించాలని చేశారు. అయినా బోగీ అంటే పెట్టె కాదు, కింద చక్రాల బండి. నీకు చిన్నప్పుడే చెప్పాను."

లోపల హన్నమ్మ నాన్నని టోస్ట్ ఏదని అడిగింది. నేను అనువాదం చేశాను. నాన్న దర్జాగా "ఏదో ఒకటి" అన్నాడు. నేను హన్నమ్మ వైపు చూశాను, ఆవిడ నా వైపు చూసింది. ఏమన్నాడో చెప్పక్కర్లేకపోయింది. ఇద్దరం పగలబడి నవ్వాం. నాన్నకి కోపం వచ్చింది. కాఫీ తాగి "గిన్నెలు కడిగిన నీళ్ళు" అన్నాడు. మళ్ళీ పోస్తే డబ్బు తీసుకోరని తెలిశాక అయిదు కప్పులు తాగి, ఆ రాత్రంతా హాల్లో పచార్లు చేశాడు.

అసలు సంగతి వెళ్ళేటప్పుడు జరిగింది. తలుపు పైన లోపలివైపు చిన్న లోహపు బిళ్ళ ఒకటి ఉంది. నాలుగేళ్ళుగా దాని కిందనుంచి నడుస్తున్నా నేను తల ఎత్తలేదు. సిల్క్ సిటీ అని, కింద నాలుగంకెల నంబరు. నాన్న కళ్ళజోడు పెట్టుకుని చదివి, "52లో చేశారు" అన్నాడు. ఎలా తెలుసన్నాను. మన రైలు పెట్టెల మీద అయిదంకెల నంబరు ఉంటుంది, మొదటి రెండూ తయారైన సంవత్సరం, ఇక్కడా అంతే అయి ఉంటుంది అన్నాడు. నేను పెద్దాయనకి చెప్పాను. గ్రీకు ఆయన క్యాష్ పెట్టె వదిలి లేచి వచ్చాడు. నిజమే, 52లో చేసినదే, సిల్క్ సిటీ వాళ్ళ లెక్కే అది, మొదటి రెండంకెలూ సంవత్సరం, తర్వాతవి వరుస సంఖ్య. ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పకుండా చదివిన మనిషి ఈయనే అన్నాడు. పట్టుకు పేరుపడ్డ ప్యాటర్సన్‌లో తయారై, లారీ మీద ఈ రోడ్డునే వచ్చిందట.

ఆ తర్వాత గంటసేపు ఆ ఇద్దరు ముసలాళ్ళూ డైనర్ చుట్టూ తిరిగారు. ఒకరు తెలుగులో, ఒకరు గ్రీకు కలిసిన ఇంగ్లీషులో. ఎక్కడ తుప్పు పట్టిందో, ఎక్కడ తర్వాత గది కలిపారో, అతుకు ఎక్కడ సరిగ్గా పడలేదో. నేను అనువాదం చెయ్యబోతే నాన్న చెయ్యి ఊపి వద్దన్నాడు. ఆయన అమెరికాలో ఉన్న ఆరు నెలల్లో నన్ను అడగకుండా మాట్లాడింది ఆ ఒక్క గంట.

*

శాండీ తుపాను వచ్చినప్పుడు మా వీధిలో ఎనిమిది రోజులు కరెంటు లేదు. పాప చిన్నది. ఇంట్లో చలి. పెట్రోలుకి సరి, బేసి నంబర్ల వంతులు. డైనర్‌కి గ్యాస్ పెనం ఉంది, పెద్దాయన ఎక్కడి నుంచో జెనరేటర్ పట్టుకొచ్చాడు. నేల మీద ఎక్స్‌టెన్షన్ బాక్సులు, వాటికి పాముల పుట్టలా ఫోన్ వైర్లు. పన్నెండు పేజీల మెనూ పక్కన పెట్టి, అట్టముక్క మీద రాసి తలుపుకి తగిలించారు: గుడ్లు, టోస్ట్, కాఫీ. క్యాష్ మాత్రమే. హన్నమ్మకి మోకాళ్ళు నొప్పులు, అప్పటికి వారానికి రెండు రోజులే వచ్చేది. ఆ వారం రోజూ వచ్చింది. మా వంతు వచ్చాక అలవాటుగా "ఓవర్ హార్డ్, రై, వెన్న పక్కన" అన్నాను. "ఈరోజుకి ఏదో ఒకటి, హన్" అంది.

ఆ తర్వాతి ఏడాది ఆవిడ ఫ్లారిడాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. మేం ఇంకో రెండేళ్ళకి హైదరాబాద్ వచ్చేశాం. నాన్న పోయింది అప్పుడే.

*

పోయినేడు పాపని కాలేజీలో చేర్చడానికి వెళ్ళినప్పుడు ఒక సాయంత్రం ఖాళీ దొరికింది. తొమ్మిదింటికి వెళ్తే తలుపు వేసి ఉంది. కోవిడ్‌లో నెలల తరబడి లోపల కూర్చోనివ్వలేదు కదా, ఆ తర్వాత ఇరవై నాలుగు గంటలూ నడపడం మానేశారట, చాలా డైనర్లు అలాగే. నియాన్ తీసేసి ఎల్‌ఈడీ పెట్టారు. అది వెలుగుతోంది గానీ, ఆ సన్నటి జుమ్మనే చప్పుడు లేదు.

మర్నాడు పొద్దున మళ్ళీ వెళ్ళాను. స్టూళ్ళు కొత్తవి, నాది ఇప్పుడు ఎటూ తిరగదు. జ్యూక్‌బాక్సులు ఉన్నచోట గోడకి నాలుగేసి మరల కన్నాలు. చిన్న పిల్ల ట్యాబ్ పట్టుకుని వచ్చి గుడ్లు ఎలా అని అడిగింది. చెప్పాను. పెనం దగ్గర ప్యూబ్లా ఆయన! జుట్టు తెల్లబడింది. డైనర్‌లో ఆయనకి ఇప్పుడు వాటా ఉంది. నన్ను గుర్తుపట్టలేదు. జేబులోంచి సీసా తీసి చల్లుతున్నట్టు చేసి చూపిస్తే, నోరు తెరిచి, "తామరిందో" అన్నాడు. ఈసారి అరవలేదు, మెల్లగానే.

వచ్చేటప్పుడు తలుపు దగ్గర తల ఎత్తాను. బిళ్ళ ఉంది. కానీ ఎప్పుడో గోడతో పాటు దాని మీద కూడా క్రీమ్ రంగు పెయింటు కొట్టేశారు. అక్షరాలు కనిపించడం లేదు. వెనక ఎవరో బయటికి వెళ్ళడానికి ఎదురుచూస్తున్నారు. ఒక్క నిమిషం అని, మునివేళ్ళ మీద లేచి బొటనవేలితో తడిమాను. అయిదు తగిలింది. రెండు తగిలింది. మిగతా రెండూ పెయింటు కింద తెలియలేదు.